పదకొండేళ్ల దాకా ర్యాంకుల్లేవు... పతకాలు మాత్రం వాళ్లవే!

2022 ఫిబ్రవరిలో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ ముగిసేసరికి పతకాల పట్టికలో మొదటి వరుసలో ఉన్నది అమెరికా కాదు, ఆతిథ్యమిచ్చిన చైనా కూడా కాదు. నార్వే! 16 స్వర్ణాలు, 8 రజతాలు, 13 కాంస్యాలు... మొత్తం 37. ఒకే శీతాకాల ఒలింపిక్స్‌లో అన్ని స్వర్ణాలు అప్పటివరకు ఏ దేశానికీ రాలేదు. రెండో స్థానంలో నిలిచిన జర్మనీకి దక్కినవి 12. అంతకు నాలుగేళ్ల ముందు దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లోనూ నార్వేదే అగ్రస్థానం. అక్కడ గెలిచిన 39 పతకాలు అప్పటికి రికార్డు.

ఇంతకీ ఆ దేశ జనాభా ఎంతో తెలుసా? సుమారు 54 లక్షలు. 2011 లెక్కల్లోనే మన గ్రేటర్ హైదరాబాద్‌లో 67 లక్షల మందికి పైగా ఉన్నారు. అంటే మన ఒక్క నగరమంత కూడా లేని దేశం ప్రపంచాన్ని వెనక్కి నెట్టిందన్నమాట. అదే బీజింగ్‌కు మన దేశం నుంచి వెళ్లిన క్రీడాకారుడు కశ్మీర్‌కు చెందిన ఆరిఫ్ ఖాన్ ఒక్కడే.

‘మంచు దేశం, మంచు ఆటలు... గెలవరా ఏంటి?’ అని మీకు అనిపించవచ్చు. మంచు సాయం లేకపోలేదు. కానీ 1988లో కెనడాలోని కాల్గరీ ఒలింపిక్స్‌కు వెళ్లినప్పుడూ నార్వేలో మంచు ఉంది. అక్కడ వాళ్లకు ఒక్క స్వర్ణం కూడా రాలేదు. మొత్తం కలిపి ఐదే పతకాలు! పక్కనున్న ఫిన్లండ్‌నే చూడండి. అక్కడా మంచుకు కొదవ లేదు, జనాభా కూడా ఇంచుమించు అంతే. బీజింగ్‌లో ఆ దేశానికి వచ్చిన స్వర్ణాలు రెండు.

మన ఇళ్లలో ఎవరూ స్కీయింగ్‌కు వెళ్లరు కదా, ఈ లెక్కలన్నీ మనకెందుకు అంటారా? మీ ఎనిమిదేళ్ల బాబునో పాపనో తెల్లవారుజామున ఐదింటికి లేపి బ్యాడ్మింటన్ అకాడమీకో, క్రికెట్ నెట్స్‌కో, ఈత కొలనుకో తీసుకెళ్తున్నారా? అయితే మీకు కావాల్సిన విషయం ఇక్కడే ఉంది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ శీతాకాల పతకాలు గెలిచే ఈ దేశం, తన చిన్నారులకు ర్యాంకులే ఇవ్వదు.

గెలిచినవారి జాబితా ఉండదు

కాల్గరీ దెబ్బ తర్వాత నార్వే ‘ఒలింపియాటోప్పెన్’ అనే సంస్థను నిలబెట్టుకుంది. అన్ని క్రీడల కోచ్‌లు, వైద్యులు, పోషకాహార నిపుణులు, శాస్త్రవేత్తలు ఒకే గొడుగు కింద పనిచేసే చోటు అది. ఒక ఆటలో నేర్చుకున్నది ఇంకో ఆటకు అందుతుంది. 1994లో సొంతగడ్డ లిల్లెహామర్‌లో 10 స్వర్ణాలతో కలిపి 26 పతకాలు వచ్చాయి. పెద్దవాళ్ల వరకు కథ ఇది. మనకు కావాల్సింది పిల్లల కథ.

పిల్లల ఆటలకు నార్వే క్రీడా సమాఖ్య 1987లోనే నిబంధనలు రాసుకుంది. 2007లో వాటిని ‘క్రీడల్లో బాలల హక్కులు’ పేరుతో మరింత గట్టిగా ఆమోదించింది. వాటి ప్రకారం ఆరేళ్ల నుంచి తమ క్లబ్బులో, చుట్టుపక్కల చిన్న పోటీల్లో ఆడుకోవచ్చు. తొమ్మిదేళ్ల నుంచి ప్రాంతీయ పోటీలకు వెళ్లవచ్చు. కానీ 11వ ఏడు వచ్చేదాకా ఫలితాల జాబితా గానీ, పాయింట్ల పట్టిక గానీ, ర్యాంకులు గానీ ఉండకూడదు. 13వ ఏడు వచ్చేదాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌ అన్న మాటే లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లల పోటీలో బహుమతులిస్తే అందరికీ ఇవ్వాలి. మొదట వచ్చిన పాపకూ అదే, చివరగా వచ్చిన బాబుకూ అదే.

హక్కుల్లో ఇంకొకటి చూస్తే మన ఇళ్లలో పెద్దలకు కాస్త కోపం రావచ్చు. ఏ ఆట ఆడాలో, ఎన్ని ఆటలు ఆడాలో, ఎంతసేపు సాధన చేయాలో నిర్ణయించే హక్కు పిల్లలదే! ఇష్టం లేకపోతే మానేయవచ్చు. మరో క్లబ్బుకు మారితే వెంటనే ఆడే అవకాశం ఇవ్వాలి. కోచ్‌లలో చాలామంది జీతం తీసుకునేవారు కూడా కాదు, ఆ పిల్లల అమ్మానాన్నలే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఈల మెడలో వేసుకుంటారు. ఈ పద్ధతి ఎంత దూరం వెళ్లిందంటే, అక్కడ పదిమంది పిల్లల్లో తొమ్మిదిమంది ఏదో ఒక దశలో క్లబ్బులో ఆడినవారే.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఈ నిబంధనల వల్లే పతకాలు వచ్చాయని ఎవరూ నిరూపించలేరు. వాటిని రాసింది కూడా పతకాల కోసం కాదు, పిల్లల కోసం. కానీ ఒకటి మాత్రం ఖాయంగా చెప్పవచ్చు. ఎనిమిదేళ్లకే స్టేట్ ర్యాంకు లేకపోతే పైకి రారన్న భయానికి ఆధారం లేదు. ఆ భయం లేని దేశమే అందరికంటే పైన ఉంది మరి.

ఎనిమిదేళ్ల ర్యాంకు ఏం చెబుతుంది?

పిల్లల శరీరం క్యాలెండర్ చూసుకుని పెరగదు. ఎదుగుదల ఒక్కసారిగా ఊపందుకునే దశ ఆడపిల్లల్లో సాధారణంగా 11-12 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లల్లో 13-14 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. అందులోనూ ఒకరికి ఏడాది, రెండేళ్లు ముందు, మరొకరికి అంతే వెనక. ఏడో తరగతి ఫొటోలో ఒకడు మీసాలు మొలిచి వెనక వరుసలో, వాడి స్నేహితుడు ముందు వరుసలో నేల మీద కూర్చుని ఉండటం మీరు చూసే ఉంటారు. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టినవాళ్లే. ఆ రోజు వాళ్లకు పరుగు పందెం పెడితే గెలిచేది ప్రతిభ కాదు, ముందుగా వచ్చిన ఎదుగుదల.

అండర్-10, అండర్-12 పోటీల్లో మరో చిక్కుంది. జనవరిలో పుట్టిన పిల్లాడు, అదే ఏడాది డిసెంబరులో పుట్టిన పిల్లాడు ఒకే జట్టు ఎంపికకు వస్తారు. తొమ్మిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా చిన్నదేమీ కాదు. పెద్దవాడు ఎంపికవుతాడు, వాడికి మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువ మ్యాచ్‌లు దొరుకుతాయి. చిన్నవాడు ‘నాకు ఆటలు రావు’ అనుకుని ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటాడు. వాడి ఒళ్లు పదిహేనేళ్లకు తయారయ్యేసరికి వాడు మైదానంలో ఉండడు. 54 లక్షల జనాభా ఉన్న దేశం అలా ఒక్కొక్కరినీ పోగొట్టుకోలేదు. అందుకే ఎవరినీ ముందే వడకట్టదు. జనం ఎక్కువున్న మనకు ఆ జాగ్రత్త అలవాటు కాలేదు.

29 ఏళ్లకు తొలి ఒలింపిక్ స్వర్ణం

నార్వే క్రాస్‌కంట్రీ స్కీయింగ్ క్రీడాకారిణి మారిట్ బ్యోర్గెన్ పేరు మీరు విని ఉండకపోవచ్చు. శీతాకాల ఒలింపిక్స్‌లో 15 పతకాలు గెలిచిన మహిళ ఆమె. ప్యాంగ్‌చాంగ్‌లో ఐదు పతకాలు గెలిచేనాటికి ఆమెకు 37 ఏళ్లు, ఇంట్లో రెండేళ్ల బాబు. ఆ ఒలింపిక్స్ చివరి రోజున 30 కిలోమీటర్ల పోటీలో రెండో స్థానంలో వచ్చిన ఆమె కంటే నిమిషంన్నరకు పైగా ముందు గమ్యం చేరింది. అలాంటామెకు ఒలింపిక్స్‌లో మొదటి స్వర్ణం ఎప్పుడొచ్చింది? 2010లో, వాంకోవర్‌లో. అప్పటికి ఆమె వయసు 29.

బ్యోర్గెన్ ఏళ్ల తరబడి రాసుకున్న సాధన డైరీలను నార్వే శాస్త్రవేత్తలు పరిశీలించి 2017లో వివరాలు ప్రచురించారు. 20 ఏళ్ల వయసులో ఆమె ఏడాదికి చేసిన సాధన సుమారు 520 గంటలు. 35 ఏళ్ల నాటికి అది 940 గంటలకు చేరింది. లెక్క వేసి చూడండి. ఇరవై ఏళ్ల వయసులో, ప్రపంచస్థాయి పోటీల్లో అడుగుపెట్టే రోజుల్లో, ఆమె సాధన రోజుకు సగటున గంటన్నర కూడా లేదు. మన దగ్గర తొమ్మిదేళ్ల పిల్లలు కొందరు ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఆడి, మధ్యలో బడికి వెళ్లొస్తున్నారు.

ఆ డైరీల్లో మీకూ, నాకూ పనికొచ్చే సంగతి ఇంకోటుంది. ఆమె దమ్ము పెంచుకునేందుకు చేసిన సాధనలో తొంభై శాతానికి పైగా తేలికపాటి వేగంతో చేసిందే. అంటే పక్కవారితో మాట్లాడుతూ చేయగలిగినంత వేగం. గుండెలు అదిరేలా చేసింది చాలా తక్కువ, అదీ ఎంచుకున్న రోజుల్లోనే. నెలకోసారి ఉత్సాహం పుట్టి పార్కులో ఊపిరాడకుండా పరుగెత్తి, వారం రోజులు కాళ్లనొప్పులతో కూర్చునే నడివయసు నాన్నలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మాటలు తడబడకుండా వేగంగా నడవగలిగితే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

ఒకే ఆట... ఒకే చోట నొప్పి

చిన్న వయసులో ఏడాది పొడవునా ఒకే ఆట ఆడితే ఏమవుతుంది? పిల్లల ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తని భాగం ఉంటుంది. దాన్ని గ్రోత్ ప్లేట్ అంటారు. పెద్దల ఎముకంత గట్టిగా ఉండదు. బౌలింగ్, స్మాష్, సర్వ్ లాంటి ఒకే కదలిక రోజూ వందలసార్లు చేస్తే ఒత్తిడంతా ఒకే చోట పడుతుంది. కింద పడితే తగిలే దెబ్బ కాదిది. మెల్లమెల్లగా అరిగి వచ్చే గాయం. వైద్యులు ఓవర్‌యూజ్ గాయమంటారు. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి పుట్టడం, మడమ వెనక నొప్పి, ఫాస్ట్ బౌలర్లలో నడుము ఎముకకు సన్నని చీలిక, ఈతగాళ్లలో భుజం నొప్పి... ఇవన్నీ ఈ కోవలోవే. రెండు మూడు ఆటలు ఆడే పిల్లల్లో భారం వేర్వేరు కండరాల మీదకు మారుతుంటుంది. నార్వే పిల్లలు చలికాలంలో స్కీయింగ్ చేసి, వేసవిలో ఫుట్‌బాలో హ్యాండ్‌బాలో ఆడటంలో ఈ లాభం దానంతటదే వస్తుంది. రుతువే వాళ్లకు విరామం ఇస్తుంది. మన దగ్గర ఇండోర్ కోర్టుకు రుతువులు లేవు కాబట్టి ఆ విరామం మీరే ఇవ్వాలి.

ఎంత విరామం? అమెరికా శిశువైద్యుల అకాడమీ 2016లో ఇచ్చిన సలహా ప్రకారం వారానికి ఒకటి రెండు రోజులు ఆ ఆట ముట్టకూడదు. ఏడాదిలో మొత్తం మూడు నెలలు, ఒక్కో నెల చొప్పున విడగొట్టి అయినా సరే, ఆ ఆటకు సెలవివ్వాలి. అంటే ఇంట్లో కూర్చోబెట్టమని కాదు, వేరే ఆట ఆడనివ్వమని. ఒకే ఆటకు అంకితం కావడాన్ని 15-16 ఏళ్ల దాకా వాయిదా వేయమని కూడా ఆ అకాడమీ చెబుతోంది. జిమ్నాస్టిక్స్ లాంటి కొన్ని ఆటల్లో చిన్న వయసులోనే మొదలుపెట్టక తప్పదు. అయితే మన పిల్లల్లో ఎక్కువమంది ఆడేది అవి కాదు.

నొప్పి గురించి పిల్లలు ఒక పట్టాన చెప్పరు. చెబితే ఆడనివ్వరేమోనని దాస్తారు, లేదా నాన్న ఫీజు కట్టాడు కదా అని ఊరుకుంటారు. కాబట్టి మీరే గమనించాలి. ఆట అయిన మర్నాటికి కూడా నొప్పి తగ్గకపోయినా, కుంటుతున్నా, రాత్రి నొప్పితో నిద్ర లేస్తున్నా, కీలు దగ్గర వాపు కనిపించినా స్ప్రే కొట్టి మళ్లీ పంపకండి. ఆర్థోపెడిక్ వైద్యుడికి చూపించండి. నడుము నొప్పి రెండు వారాలు దాటితే అస్సలు ఆలస్యం వద్దు. పదేళ్ల పిల్లలకు ‘పని ఎక్కువై నడుము పట్టేయడం’ ఉండదు.

సన్నబడితే గెలుస్తామా?

మంచు ఆటల్లో స్కీ జంపింగ్ ఒకటి. ఎత్తైన వాలు మీద నుంచి జారుతూ వచ్చి గాల్లోకి ఎగిరే ఆట. ఒళ్లు తేలిగ్గా ఉంటే ఎక్కువ దూరం ఎగరవచ్చని క్రీడాకారులు తిండి మానేసి ఎముకల గూళ్లయ్యారు. చివరకు అంతర్జాతీయ స్కీ సమాఖ్యే 2004లో అడ్డుకట్ట వేసింది. ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు పొట్టి స్కీలు వాడాలని నియమం పెట్టింది. దాంతో పస్తులుండి సంపాదించిన లాభం స్కీల పొడవులో పోతుంది. ఆటలాడే మీ అమ్మాయి సరిగా తినకుండా సాధన చేస్తూ, మొదలైన నెలసరి మూడు నెలలు రాకుండా ఆగిపోతే ‘ఆటల్లో ఇది మామూలే’ అని ఎవరైనా చెప్పినా నమ్మకండి. శరీరానికి అందే శక్తి చాలడం లేదన్న హెచ్చరిక అది. ఎముకలు బలపడాల్సిన వయసులో బలహీనపడతాయి. గైనకాలజిస్టును కలవాలి.

ఆస్తమా ఉన్న పిల్లల తల్లిదండ్రులకూ ఈ మంచు ఆటల్లో ఒక కబురుంది. చల్లని, పొడి గాలిని గంటల తరబడి వేగంగా పీల్చడం వల్ల క్రాస్‌కంట్రీ స్కీయర్లలో ఆస్తమా సాధారణ జనంలో కంటే ఎక్కువ. బ్యోర్గెన్‌కూ ఆస్తమా ఉంది. అనుమతి ఉన్న మందులు వాడుతూనే అన్ని పతకాలు గెలిచింది. ‘మా వాడికి ఆయాసం, ఆటలొద్దని చెప్పాం’ అనే ముందు శ్వాసకోశ నిపుణుడితో మాట్లాడండి. ఆస్తమా అదుపులో ఉంటే, ఆటకు ముందు పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా వార్మప్ చేస్తే, చెప్పిన ఇన్‌హేలర్ సంచిలో ఉంటే, దాదాపు అన్ని ఆటలూ ఆడవచ్చు. ఆడిన ఐదు పది నిమిషాలకు ప్రతిసారీ దగ్గు వస్తుంటే మాత్రం అది దుమ్మువల్లేనని సరిపెట్టుకోకండి.

నార్వే అంతా బంగారమే కాదు

ఇంత చెప్పాక ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. చమురు, గ్యాస్‌తో వచ్చిన సంపద ఉంది. స్కీ మైనపు మీద పరిశోధనకు కూడా డబ్బు పెట్టగలరు. పెద్దల క్రీడల్లో మచ్చలూ ఉన్నాయి. పెదాలకు రాసుకున్న క్రీములో నిషిద్ధ ఉత్ప్రేరకం ఉండటంతో తెరేస్ యోహౌగ్ 18 నెలలు ఆటకు దూరమై, ప్యాంగ్‌చాంగ్‌కు వెళ్లలేకపోయింది. తర్వాత బీజింగ్‌లో మూడు స్వర్ణాలతో తిరిగొచ్చింది. 2025లో ట్రోండ్‌హైమ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో స్కీ జంపర్ల దుస్తుల్లో నార్వే జట్టు సిబ్బంది చేసిన మోసం బయటపడి దేశమంతా తలదించుకుంది. గెలుపు మత్తు ఎక్కడైనా మత్తే. పిల్లల దాకా అది పాకకుండా గోడ కట్టుకున్నారు, అంతే తేడా.

మరొక తేడా ఇల్లు దాటి బయటికెళ్లే అలవాటు. ఓస్లోలో స్కీలు చేతబట్టుకుని మెట్రో ఎక్కి ఫ్రోగ్నర్‌సెటెరెన్ స్టేషన్‌లో దిగితే ఎదురుగా అడవి, మంచుదారులు. చలికాలంలో మధ్యాహ్నానికే పొద్దుగూకుతుంది కాబట్టి ఊళ్ల పక్కన స్కీ దారులకు దీపాలు పెట్టుకున్నారు. ఎండ చాలదని కాడ్ లివర్ నూనె తాగే అలవాటు ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. ‘చెడు వాతావరణమంటూ ఉండదు, సరైన బట్టలు వేసుకోకపోవడమే’ అన్నది అక్కడి సామెత. మన మే నెల మధ్యాహ్నానికి ఆ సామెత పనికిరాదు. 44 డిగ్రీల ఎండలో పిల్లల్ని మైదానానికి పంపితే వడదెబ్బే. కానీ మిగతా నెలల సంగతేమిటి? ఇంత ఎండ ఉన్న మన రాష్ట్రాల్లో పిల్లలకు విటమిన్ డి లోపమని పరీక్షల్లో తేలుతోందంటే, తప్పు సూర్యుడిది కాదు కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్ద లెక్కేమీ కాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజూ సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా కదలిక ఉండాలి. వారంలో మూడు రోజులు కండరాలు, ఎముకలు గట్టిపడేలా దూకడం, ఎక్కడం, పరుగెత్తడం ఉండాలి. దీనికి అకాడమీ తప్పనిసరి కాదు. అపార్ట్‌మెంట్ కింద ఖోఖో, తాడాట, సైకిల్, కబడ్డీ... అన్నీ లెక్కలోకి వస్తాయి. పార్కింగ్ స్థలంలో పిల్లలు ఆడుతుంటే కారు అద్దాలు పగులుతాయని సంఘం సమావేశంలో గొడవపడే పెద్దలతో మాట్లాడి, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ఒక మూల ఖాళీ చేయించగలిగితే చాలు. ముప్పై మంది పిల్లల వ్యాయామం తీరినట్టే.

ఇక అకాడమీలో చేర్పించాలనే అనుకుంటే, ఫీజు కట్టే ముందు కోచ్‌ను మూడు సంగతులు అడగండి. వారంలో సెలవు ఎన్ని రోజులు? పరీక్షలకో, వేరే ఆటకో పిల్లవాడు నెల రోజులు రాకపోతే బ్యాచ్‌లో చోటు ఉంటుందా? నొప్పిగా ఉందని పిల్లవాడు చెబితే మీరేం చేస్తారు? మూడో ప్రశ్నకు ‘మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది, రెండు రోజులు ఆడితే అదే పోతుంది’ అన్న జవాబు వస్తే, చెప్పులు వేసుకుని పక్క వీధిలో ఇంకో కోచ్‌ను వెతుక్కోండి.